రైలు రెండుగా విడిపోయిన మధ్యాహ్నం

కొత్తగా సోషల్ టీచర్లుగా చేరినవాళ్ళు ఈమధ్య అప్పుడప్పుడు మా ఇంటికి వస్తున్నారు. కాఫీ తాగాక అందరూ అడిగేది ఒకటే. "మేడమ్, పిల్లల్ని యూరప్ తీసుకెళ్ళారట కదా, ఎలా జరిగింది?" ఫోటోలు చూపిస్తానని వాళ్ళ ఆశ. ఫోటోలు ఉన్నాయి. రైన్ నది పక్కన ఇరవై ఇద్దరు పిల్లలు పళ్ళికిలించి నిలబడ్డవి. కానీ నేను నేర్చుకున్నది ఏ ఫోటోలోనూ లేదు, కాబట్టి రాసి పెడుతున్నాను.

తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ చెప్పాను. నాకు ఎప్పుడు ఎంత జీతం పెరిగిందో, ఏ సంవత్సరం ఏ హోదా ఇచ్చారో ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఒక్క ప్రయాణం గురించి రాస్తాను. అందులో నేను చేసిన తప్పుల్ని ఉన్నవి ఉన్నట్టుగా రాస్తాను. మీరు అవే చేయకుండా ఉంటే చాలు.

చంద్రగిరి మెట్ల మీద

యూరప్ చరిత్ర మన పిల్లలకు తలకెక్కదు. పరీక్షకు బట్టీ పడతారు, మరుసటి వారం మర్చిపోతారు. మొదటి పదేళ్ళు నేనూ అలాగే చెప్పాను. ఒకసారి తొమ్మిదో తరగతిని చంద్రగిరి కోటకు తీసుకెళ్ళి రాజమహల్ మెట్ల మీద కూర్చోబెట్టాను. చెన్నపట్నంలో ఇంగ్లీషువాళ్ళు కోట కట్టుకోవడానికి అనుమతి ఇక్కడి రాజుల కాలంలోనే దొరికిందని చెప్పాను. ఒక పిల్ల లేచి అడిగింది.

"వాళ్ళు యాడనించి వచ్చినారు మేడమ్? వాళ్ళూర్లో ఏం తక్కువైందని ఇంత దూరం వచ్చినారు?"

అంతవరకూ నా క్లాసులో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. పుస్తకంలో తెల్లవాళ్ళు ఎప్పుడూ ఓడ దిగుతూనే కనబడతారు. ఓడ ఎక్కేముందు వాళ్ళ ఊరేమిటి, నదేమిటి, చలేమిటి, ఆకలేమిటి అన్నది ఉండదు. ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చాను. ముందు నది, తర్వాత దాని ఒడ్డున ఊరు, ఆ తర్వాతే రాజు. స్వర్ణముఖి ఎక్కడ పుట్టి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో చేత్తో గీయించి, ఆ పక్క పేజీలో రైన్ గీయించేదాన్ని. అట్లాసు చూసి దించడం కాదు. చూసి, మూసి, మనసులోంచి గీయాలి.

రైన్‌లో కలిసే మోజెల్, మోజెల్‌లో కలిసే సార్ నది పేరు చెప్పిన రోజు క్లాసంతా ఒకటే నవ్వు. "సార్ అనే నది ఉంటే మేడమ్ అనే నది లేదా మేడమ్?" అని. నవ్వనీ అని ఊరుకున్నాను. నవ్విన పేరు మర్చిపోరు.

నేను రిటైరవడానికి ఐదేళ్ళ ముందు మా ప్రిన్సిపాల్ గారు పిలిచి, వేసవిలో పిల్లల్ని యూరప్ తీసుకెళ్దామా అన్నారు. పక్క బళ్ళు సింగపూర్ తీసుకెళ్తున్నాయి, మనం ఇంకాస్త దూరం పోవాలి అన్నది ఆయన లెక్క. నా లెక్క వేరు. రైన్ నదిని అది సముద్రంలో కలిసే చోటు నుంచి ఎదురు నడిచి చూపించాలి. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర మొదలుపెట్టి, నది వెంట పైకి పోతూ, మధ్యలో మోజెల్ లోయలోకి తిరిగి, లక్సెంబర్గ్ చూసి, చివరికి స్విట్జర్లాండ్ కొండల్లోకి. ఇద్దరం వేరు వేరు కారణాలతో ఒకే మాటకు వచ్చాం. ఇలాంటి చోటే జాగ్రత్తగా ఉండాలని ఇప్పుడు అనిపిస్తుంది.

చింతపండు మండీలో ఇచ్చిన మాట

హేమావతి తొమ్మిదో తరగతి. చిత్తూరులో చింతపండు మండీ నడిపే మునిరత్నం గారి పెద్దమ్మాయి. మా బడి హాస్టల్లో ఉండి చదివేది. మాట్లాడని పిల్ల. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది తప్ప గొంతు వినబడేది కాదు. కానీ నది గీస్తే ప్రతి వంపు ఉండేది. ఉపనదులన్నీ ఎటు నుంచి కలుస్తాయో అటు నుంచే కలిసేవి.

ప్రయాణానికి పేర్లు ఇమ్మంటే ఆ అమ్మాయి ఇవ్వలేదు. కారణం అడిగితే, "మా నాయన పంపడు మేడమ్" అంది. నేనే చిత్తూరు వెళ్ళాను. మండీలో గోనెసంచుల మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టారు. చింతపండు ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. మునిరత్నం గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా పాప మద్రాసుకు గూడా ఒంటిగా పోయింది లేదు మేడమ్. అంత దూరం ఎట్ల పంపేది?"

"ఒంటరిగా కాదు, నాతో పంపుతున్నారు."

"అది నోరు తెరిచి అడిగే పిల్ల కాదు. ఆకలైనా సెప్పదు. అది మీకు తెలుసునా?"

"తెలుసు. నా కంటి ముందే ఉంటుంది."

ఆయన చాలాసేపు సంచుల వైపు చూశారు. "సరే మేడమ్. మీ మాట మీద పంపిస్తాండా. ఇంగెవురి మాట మీదా కాదు."

మాట ఇవ్వడం తేలిక. ఇరవై ఇద్దరు పిల్లలున్న టీచరుకు ఏ ఒక్క పిల్లనీ కంటి ముందే ఉంచుకోవడం కుదరదు. అది తెలిసే మాట ఇచ్చాను. ఆ అమ్మాయికి ఆ నదులు చూపించాలన్న కోరిక అంత గట్టిగా ఉండింది నాలో.

నా గొప్పలు

బయలుదేరే ముందు నేను తీసుకున్న కొన్ని నిర్ణయాలు చెప్పాలి. అప్పుడు అవి నాకు గొప్పగా అనిపించాయి.

పిల్లలెవరూ ఫోన్ తేకూడదన్నాను. ఫోన్ ఉంటే కిటికీలోంచి చూడరని. తల్లిదండ్రులు కొందరు గొణిగినా ఒప్పించాను. ప్రతి పిల్ల మెడలో ఒక కార్డు వేశాను. అందులో పేరు, నా ఫోన్ నంబరు, ఇంటి ఫోన్ నంబరు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాక అక్కడి సిమ్ కొని నా ఫోన్‌లో వేసుకున్నాను. పాత నంబరు ఆగిపోయింది. కార్డుల మీద కొత్త నంబరు రాయించాలని మొదటి రోజు అనుకున్నాను. రెండో రోజు అనుకున్నాను. నాలుగో రోజుకు అనుకోవడం కూడా మానేశాను.

తప్పిపోతే ఏం చేయాలని పిల్లలకు ఒకటే సూత్రం చెప్పాను. "ఎక్కడున్నారో అక్కడే నిలబడండి. కదలొద్దు. నేనే వచ్చి పట్టుకుంటాను." తిరుమల రద్దీలో మా అమ్మ నాకు చెప్పిన సూత్రం అది.

నాతో వచ్చిన రెండో టీచరు భాస్కర్. ఆటల మాస్టారు. చురుకైనవాడు, మంచివాడు. లెక్కపెట్టడం అతని పని, పాఠం నా పని అని పంచుకున్నాం. అలా పంచుకోవడమే పెద్ద పొరపాటు అని ఈ రోజు చెప్పగలను. పిల్లల లెక్క ఎప్పుడూ ఒకరి పని కాదు.

మొదటి ఐదు రోజులు బాగా గడిచాయి. రైన్ ఒడ్డున నిలబడి ఒక పిల్ల, "మేడమ్, ఏటి నిండా నీళ్ళే ఉండాయి! ఇసుకే లేదు!" అని అరిచింది. సరుకుల పడవలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే లారీల్ని చూసినట్టు చూశారు. నది రోడ్డు లాంటిదని, ఆ రోడ్డు కోసమే రాజులు కొట్టుకున్నారని ఆ రోజు నేను ఒక్క ముక్క కూడా వివరించాల్సిన పని లేకపోయింది. ఆ సంతోషంలో నేను కాస్త మత్తులో ఉన్నాననుకుంటాను.

ఒక పొట్లం మిగిలింది

ఆరో రోజు ఉదయం కోబ్లెన్జ్ అనే ఊళ్ళో ఉన్నాం. రైన్, మోజెల్ కలిసే చోటు. సంగమం దగ్గర పిల్లలు ఆలస్యం చేశారు. నేనే చేయనిచ్చాను. స్టేషన్‌కు పరుగున వచ్చేసరికి లక్సెంబర్గ్ పోయే రైలు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. రెండంతస్తుల రైలు. నేను కొందరితో పై అంతస్తుకు ఎక్కాను. భాస్కర్ కింద ఉన్నాడు.

"పైన పదకొండు!" అని కేకేశాను.

"కింద పదకొండు! అందరూ ఎక్కేసినారు మేడమ్!"

రైలు కదిలింది. మేమిద్దరం లెక్కపెట్టే మధ్యలో ఒక పిల్ల కింది నుంచి పైకి మెట్లెక్కింది. ఆమెను భాస్కర్ లెక్కపెట్టాడు, నేనూ లెక్కపెట్టాను. ఇరవై రెండు సరిపోయింది. ఉన్నది ఇరవై ఒక్కరు.

గంటన్నర సేపు మోజెల్ పక్కనే ప్రయాణం. కొండవాలు మీద ద్రాక్షతోటలు. నేను కిటికీకి అంటుకుని పాఠం చెబుతూనే ఉన్నాను. రోమన్లు ఈ తోటలు ఎందుకు వేశారు, నది ఇన్ని మెలికలు ఎందుకు తిరుగుతుంది. హేమావతి లేదని ఎవరికీ తెలియలేదు. పైనున్నవాళ్ళు కింద ఉందనుకున్నారు, కిందివాళ్ళు పైన ఉందనుకున్నారు. ఉన్నప్పుడు గొంతు వినబడని పిల్ల లేనప్పుడు మాత్రం ఎవరికి తెలుస్తుంది?

ట్రియర్ అనే పాత రోమన్ పట్నంలో రైలు కాసేపు ఆగింది. ఏదో ప్రకటన వచ్చింది, జర్మన్ భాషలో. చిన్న కుదుపు. "ఇంజన్ మారుస్తాండారేమో" అన్నాడు భాస్కర్. అయ్యుంటుంది అన్నాను. రైలు మళ్ళీ కదిలింది. మోజెల్ మీద వంతెన దాటుతుండగా అన్నం పొట్లాలు తీశాం. పొద్దున్నే కోబ్లెన్జ్‌లో మేము దిగిన హాస్టల్ వంటగదిలో నేను కలిపిన పులిహోర. ఇరవై ఇద్దరు పిల్లలకు ఇరవై రెండు పొట్లాలు.

ఒకటి మిగిలింది.

"ఎవరు తీసుకోలేదు?" అన్నాను. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగాను. అప్పుడు ఆ రైల్లో మొదటిసారి పేర్లు పిలిచాను. హేమావతి అన్నప్పుడు పిల్లలందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

టాయిలెట్లు చూశాం. రెండంతస్తులూ చూశాం. టికెట్లు చూసే ఆమె ఎదురొస్తే ఆపి చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది. ఇంగ్లీషులో నెమ్మదిగా వివరించింది. కోబ్లెన్జ్‌లో రెండు రైళ్ళు కలిపి ఒక్కటిగా నడుపుతారు. ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి లోపలి దారి ఉండదు. ట్రియర్‌లో విడదీస్తారు. ఒక సగం లక్సెంబర్గ్ పోతుంది. రెండో సగం ఇంకో నది వెంట, జర్మనీలోనే దక్షిణానికి పోతుంది.

ఆ కుదుపు అదే. నేను ఇంజన్ మార్పు అనుకున్నది.

మేము అప్పటికే సరిహద్దు దాటుతున్నాం. ఒక పిల్ల ఒక దేశంలో, మిగతా పిల్లలు, నేను ఇంకో దేశంలో. ఆమె అవతలి రైలుకు ఫోన్ చేసింది. తర్వాతి స్టేషన్లో అందరం దిగిపోయాం. లక్సెంబర్గ్ గడప లాంటి చిన్న స్టేషన్ అది. రైలు కదిలే ముందు ఆమె తలుపు దగ్గర నిలబడి జవాబు చెప్పింది.

"ఆ రైలంతా చూశారు. అలాంటి అమ్మాయి లేదు. పోలీసులకు చెబుతున్నాను."

తలుపు మూసుకుంది.

లేకపోవడం ఏమిటి? కోబ్లెన్జ్‌లోనే ఉండిపోయిందా? మధ్యలో ఎక్కడైనా దిగిందా? ఎవరైనా తీసుకెళ్ళారా? ప్లాట్‌ఫారం మీద ఇరవై ఒక్కమంది పిల్లలు గోడకు ఆనుకుని కూర్చున్నారు. పులిహోర పొట్లాలు విప్పకుండా ఒళ్ళో పెట్టుకున్నారు.

ఇరవై నిమిషాలు

ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేశాను. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ సాయంత్రం కావస్తోంది. ఆయన అంతా విన్నారు.

"వాళ్ళ నాయనకు చెప్పినారా?"

"లేదు సార్. ఇప్పుడే..."

"చెప్పొద్దండి. అంత దూరంలో ఆయన చేసేదేముంది? గుండె ఆగిపోతాది. ముందు పాప దొరకనీ. దొరికినాక నేనే నిదానంగా చెప్తాను. అంతవరకు ఎవరికీ తెలియగూడదు."

ఆయన చెడ్డవాడు కాదు. అది స్పష్టంగా రాయాలి. ఫీజు కట్టలేని పిల్లల్ని బయటికి పంపకుండా ఏళ్ళ తరబడి కాపాడినవాడు. ఆ క్షణంలో ఆయన మాటల్లో సగం దయ, సగం భయం ఉన్నాయి. నాకూ ఆ మాట కావాల్సి వచ్చింది. మండీలో నిలబడ్డ ఆ మనిషికి ఫోన్ చేసే ధైర్యం నాకు లేదు. ప్రిన్సిపాలే వద్దన్నారు కదా అన్న సాకు దొరికింది.

కోబ్లెన్జ్ స్టేషన్‌కు ఫోన్ చేయించాను. పోలీసులతో మాట్లాడాను. మధ్యమధ్యలో ప్రిన్సిపాల్ గారు చేస్తున్నారు, నేను చేస్తున్నాను. మా ఇద్దరి ఫోన్లూ ఖాళీ లేవు. ఇరవై నిమిషాలు గడిచాయి. భాస్కర్ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, నాకూ బిడ్డ ఉండాది. నా బిడ్డ పోయిందని నాకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా సెప్తే నేను ఆ మనిషిని సంపేస్తాను."

ప్రిన్సిపాల్ గారి ఫోన్ మళ్ళీ మోగుతోంది. దాన్ని కట్ చేసి మునిరత్నం గారి నంబరు నొక్కాను. ఒక్క రింగుకే ఎత్తారు.

"మునిరత్నం గారూ, నేను వకుళ మేడమ్‌ని. హేమ మాతో లేదండీ. వేరే రైలు ఎక్కింది. ఎక్కడుందో ఇంకా తెలియలేదు. తప్పు నాది."

అటు వైపు ఎవరో బరువు దించుతున్న చప్పుడు. ఆయన గొంతు చాలా తగ్గి వినబడింది.

"నాకు తెలుసు మేడమ్."

ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"పావుగంట అయింది. ఎవరో పెద్దామె ఫోన్ చేసి ఇచ్చింది. నా బిడ్డతో మాట్లాడినా. మీ నంబరుకు చేసినారంట, స్విచ్ఛాఫ్. నేనూ చేసినా, స్విచ్ఛాఫ్. పెద్దసారుకు చేస్తే బిజీ. బడి ఆఫీసుకు చేస్తే పిల్లోళ్ళంతా బాగుండారు, ఫోటోలు గూడా వచ్చినాయి అంటాండారు. నేను ఎదురు సెప్పలేదు. మీరు చేస్తారా, చేయరా అని సూస్తా ఉండా."

"ఎక్కడుందండీ?"

"రాసుకోండి. పాప ఒక్కో అక్షరం సెప్పింది, నేను చీటీ మీద రాసుకున్నా. ఎస్సు, రెండు ఏలు, ఆర్. బీ, యూ, ఆర్, జీ. స్టేషన్లోనే బెంచీ మీద కూర్చోనుంది. ఆమె పక్కనే ఉండాది."

సార్‌బుర్గ్. రెండో సగం రైలు ట్రియర్ తర్వాత ఆగే ఊళ్ళలో ఒకటి. పటంలో మా నుంచి జానెడు దూరం కూడా లేదు.

నేను ఏదో అనబోయాను. ఆయన అననివ్వలేదు. "పోయి నా బిడ్డను పట్టుకోండి మేడమ్. తక్కినవన్నీ మళ్ళ మాట్లాడదాం."

కొత్త టీచర్లకు ఇది ముఖ్యంగా చెబుతాను. ఆ ఇరవై నిమిషాలు మేము ప్రపంచమంతా వెతికాం, ఒక్క మునిరత్నం గారిని తప్ప. పిల్ల ఎక్కడుందో తెలిసిన మనిషి ఆయన ఒక్కడే. ఆయనకు చెప్పకూడదని మేం నిర్ణయించుకోవడం వల్లే మాకు తెలియలేదు. తల్లిదండ్రులకు నిజం చెప్పడం మర్యాద కోసం అనుకునేదాన్ని. కాదు. వెతకడంలో అదే మొదటి పని.

సార్ నది ఒడ్డున

పిల్లల్ని భాస్కర్‌కు అప్పగించి ఒక్కదాన్నే తిరుగు రైలెక్కాను. ట్రియర్‌లో మారడానికి అరగంట నిలబడాల్సి వచ్చింది. ఆ అరగంటలో నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాను. సార్‌బుర్గ్‌లో దిగేసరికి ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద హేమావతి ఎర్ర చున్నీ కనబడింది. పక్కన తెల్లజుట్టు పెద్దావిడ, కాళ్ళ దగ్గర కూరగాయల సంచి. ఆవిడ ఎక్కాల్సిన రైలు ఎప్పుడో వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది.

పరుగెత్తాను. హేమావతి లేచి నిలబడింది. ఏడవలేదు. ఏడ్చింది నేను.

"మీరు కదలొద్దన్నారు మేడమ్" అంది. ఆ గొంతులో కోపం ఉంది. ఆ పిల్ల గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. "నేను కదల్లేదు. రైలే కదిలింది."

ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పింది. కోబ్లెన్జ్‌లో మా వెనకే పరుగెత్తి, తలుపులు మూసుకుంటుంటే దగ్గరున్న పెట్టెలోకి ఎక్కేసింది. అది రెండో సగం. లోపలి నుంచి మా వైపు రావాలని చూస్తే దారి లేదు. నా సూత్రం గుర్తు చేసుకుని సీట్లో కూర్చుంది. గంటన్నర కదలకుండా కూర్చుంది. ట్రియర్‌లో దిగుదామా అనుకుని, కదలొద్దన్నారు కదా అని దిగలేదు.

"ట్రియర్ దాటినాక మోజెల్ మీద వంతెన రావాల మేడమ్. లక్సెంబర్గ్ ఏటికి ఆ పక్క ఉండాది కదా. దాటలేదు. నేను సూస్తానే ఉన్నా. ఇంగో చిన్న ఏరు వచ్చి మోజెల్‌లో కలిసింది. రైలు ఆ చిన్న ఏటి వెంట తిరుక్కునింది. అప్పుడు తెలిసింది, ఇది సార్ అని."

క్లాసులో నవ్విన ఆ పేరు. ఇది మన దారి కాదని తెలిసిన క్షణంలో ఆ పిల్ల నా సూత్రాన్ని పక్కన పెట్టింది. ఇంకా కూర్చుంటే ఇంకా దూరం పోతానని లెక్క వేసుకుని తర్వాత ఆగిన చోట దిగేసింది. అందుకే రైల్లో వెతికినవాళ్ళకు కనబడలేదు. దిగాక, జీవితంలో ఎవర్నీ నోరు తెరిచి ఏమీ అడగని ఆ పిల్ల, బెంచీ మీదున్న పెద్దావిడ దగ్గరికి పోయి తన నోటుపుస్తకంలో గీసుకున్న నదుల పటం చూపించి, మెడలో కార్డు చూపించి, "ఫోన్ ప్లీజ్" అంది.

పెద్దావిడకు కృతజ్ఞత చెప్పబోతే ఆవిడ నా మాట విననే లేదు. కార్డు మీద నా నంబరును వేలితో టకటకా కొడుతూ జర్మన్‌లో గట్టిగా ఏదో అంది. భాష రాకపోయినా తిట్టు అర్థమైంది. చేతులు జోడించాను. ఆవిడ హేమావతి తల నిమిరి, సంచి తీసుకుని వెళ్ళిపోయింది. పేరు కూడా అడగలేదు నేను. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చాలామంది ఈ కథ విని, "చూశారా మేడమ్, మీ పాఠమే ఆ పిల్లను కాపాడింది" అంటారు. ఆ పొగడ్త నేను తీసుకోను. నా పాఠం అవసరం రాకుండా చూడటం నా పని. పిల్లను కాపాడింది పిల్ల, ఆ పెద్దావిడ.

సంతకం

తిరుపతి చేరిన మూడో రోజు ప్రిన్సిపాల్ గారు ఒక కాగితం నా ముందు పెట్టారు. యాజమాన్యానికి పంపే నివేదిక. "విద్యార్థిని సూచనలను పాటించకపోవడం వల్ల కొద్దిసేపు బృందం నుంచి విడిపోయినది" అని ఉంది.

"సార్, పిల్ల సూచనలు పాటించింది. పాటించినందుకే అంత దూరం పోయింది."

"వకుళ గారూ, మీ మంచికే చెప్తా ఉండాను. ఇది మీ పేరు మీదికి రాగూడదు."

"నా పేరు మీదికే రావాలి."

సంతకం చేయలేదు. నేనే ఇంకో కాగితం రాసిచ్చాను. ఫోన్లు వద్దనడం, కార్డు మీద నంబరు మార్చకపోవడం, తలలు లెక్కపెట్టి పేర్లు పిలవకపోవడం, తండ్రికి చెప్పకుండా ఇరవై నిమిషాలు దాచడం. ఆ చివరిది రాసేటప్పుడు ప్రిన్సిపాల్ గారి మాట ప్రస్తావించలేదు. దాచింది నా నోరు కాబట్టి. ఆయన చదివి, తల ఎత్తకుండా, "ఇది పంపిస్తే ఇంక మీకు విదేశీ ప్రయాణాలు ఉండవు" అన్నారు. పంపమన్నాను.

తల్లిదండ్రుల సమావేశంలో అదే కాగితం నేనే నిలబడి చదివాను. కొందరు కోపంగా లేచారు, న్యాయమే. మునిరత్నం గారు చివరి వరుసలో ఉన్నారు. అందరూ అరిచి అలిసిపోయాక నిలబడ్డారు.

"మేడమ్ పాఠం బాగా సెప్పినారు. కాపలా బాగా కాయలేదు. రెండూ నిజమే." అంతే అని కూర్చున్నారు.

ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నా గురించి ఎవరైనా ఇచ్చిన తీర్పుల్లో అంత సరిగ్గా ఉన్నది ఇంకొకటి లేదు.

యూరప్ ప్రయాణాలు ఆగిపోయాయి. భాస్కర్ వేరే బడికి వెళ్ళిపోయాడు. హేమావతి హాస్టల్లోనే ఉంది. మాట్లాడటం మొదలుపెట్టింది, ఎక్కువగా నాతో వాదించడానికి. నేను చెప్పేది తప్పనిపిస్తే చెయ్యి కూడా ఎత్తకుండా లేచి చెప్పేది.

ప్రళయ కావేరి ఒడ్డున

మరుసటి సంవత్సరం పదో తరగతి పిల్లల్ని పులికాట్ తీసుకెళ్ళాను. పాతవాళ్ళు ప్రళయ కావేరి అంటారు. తిరుపతి నుంచి పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. డచ్చివాళ్ళు అక్కడ కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేశారు. కోట ఇప్పుడు లేదనే చెప్పాలి. వాళ్ళ సమాధులు మాత్రం ఉన్నాయి.

అనుమతి చీటీలు అన్నీ వచ్చాయి, హేమావతిది తప్ప. బయలుదేరే రోజు తెల్లవారి బస్సు దగ్గర మునిరత్నం గారు కూతురితో పాటు నిలబడి ఉన్నారు, చేతిలో నీళ్ళ సీసాతో.

"పాపను పంపిస్తా మేడమ్. నేనూ వస్తా" అన్నారు.

రమ్మన్నాను. మండీ మూసి వచ్చిన మనిషి, దారంతా ఆ నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

సమాధుల తోటలో పిల్లలు రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు, పుర్రెలు, పూలతీగలు చూస్తూ అటూ ఇటూ తిరుగుతున్నారు. మునిరత్నం గారు ఒక రాయి ముందు ఆగిపోయారు. దాని మీద డచ్చి భాషలో ఏముందో ఆయనకు చదవడం రాదు. నేను పక్కకు వెళ్ళి, ఇది చాలా చిన్న వయసులో పోయిన ఒక మనిషిది, ఆమ్‌స్టర్‌డామ్ వైపు నుంచి వచ్చినవాడు అని చెప్పాను.

"వీళ్ళ నాయనలకు ఎవురు సెప్పినారు మేడమ్, బిడ్డ ఈడ పోయినాడని?"

"ఓడలో కబురు పంపేవాళ్ళు."

"ఎన్నాళ్ళకు తెలుస్తుంది?"

"ఏడెనిమిది నెలలు పట్టొచ్చు. ఓడ మునిగితే తెలియకనే పోవచ్చు."

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. "నాకు పావుగంటకే పానం పోయింది" అన్నారు. తర్వాత కొంచెం వంగి, ఆ రాయి మీద రాలిన ఎండుటాకుల్ని చేత్తో పక్కకు తోశారు.

డచ్చి కంపెనీ గురించి ఆ రోజు చెప్పడానికి నేను చాలా రాసుకుని వెళ్ళాను. ఆ కాగితాలు సంచిలో పెట్టేశాను. పిల్లల్ని పేరు పేరునా పిలిచి సమాధుల చుట్టూ కూర్చోబెట్టి, మునిరత్నం గారు మొదట అడిగిన ప్రశ్నే వాళ్ళను అడిగాను. అప్పుడు హేమావతి లేచి వాళ్ళ నాయన పక్కకు పోయి నిలబడి, జవాబు చెప్పడం మొదలుపెట్టింది.